జిప్సీకి రెండంగుళాల లిఫ్ట్: ఉద్దానం తోటల బండి మీద తక్కువ ఖర్చులో చేసిన పని, కొలతలతో సహా

బండి మారుతి జిప్సీ కింగ్. ఎంపీఎఫ్ఐ ఇంజన్, సాఫ్ట్ టాప్, నాలుగు మూలలా కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన లీఫ్ స్ప్రింగులు), 205/70 ఆర్15 టైర్లు. శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో జీడి, కొబ్బరి తోటలున్న రైతు రోజూ తిప్పే బండి ఇది. సముద్రం వైపు తోటల్లో ఇసుక దారి. మహేంద్రగిరి పాదాల వైపు రాళ్ళూ బంకమట్టీ, మధ్యలో గ్రానైట్ టిప్పర్లు తొక్కిన బాట. జీడిపిక్కలు పలాసలో దించాలంటే ఎన్‌హెచ్-16 మీద గంటకి 70 కిలోమీటర్ల పైన పోవాలి. లిఫ్ట్, అంటే బండి ఎత్తు పెంచడం, ఎంత, ఎలా అన్నది నిర్ణయించింది ఈ చివరి అవసరమే. బురదలో మాత్రమే తిరిగే బండికి చెల్లే పనులు కొన్ని హైవే ఎక్కే బండికి చెల్లవు.

ఫిర్యాదులు మూడు. టిప్పర్ చక్రాల గాడుల మధ్య మిగిలే గట్టు బండి కడుపుకి తగులుతోంది. వెనక నాలుగు బస్తాలు వేస్తే ప్రతి గుంటలో ఇరుసు బంప్ స్టాప్‌ని (ఇరుసు ఛాసీకి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మని) కొడుతోంది. బండి కుడివైపు ఒరిగి నిలబడుతోంది. రైతు అప్పటికే రెండు జతల పొడుగు షాకిళ్ళు (కట్ట ఒక చివరని ఛాసీకి వేలాడదీసే జంట పలకలు) కొనుక్కొచ్చారు, ఒక్కోటి ఒరిజినల్ కన్నా 100 మి.మీ. పొడుగు. "ఇవి బిగించేయండి, నాలుగంగుళాలు లేస్తుంది" అన్నది అడిగిన పని. టైర్లు కాక ఖర్చు 25 వేలు దాటకూడదన్నది షరతు.

కింద తగులుతున్నది ఏది?

లిఫ్ట్ అడిగిన ప్రతి బండికీ ముందు తేల్చాల్సింది ఇదే. రెండు డిఫరెన్షియల్ హౌసింగుల (ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బాల) అడుగునా, రెండు ఇరుసులకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ కింది క్రాస్ మెంబర్‌కీ (ఛాసీ అడ్డ దూలానికీ), కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టుల చివర్లకీ తెల్ల పెయింట్ పలచగా పూసి, మామూలుగా వెళ్ళే దారిలోనే తిప్పి రమ్మన్నాం. తిరిగొచ్చేసరికి క్రాస్ మెంబర్ మీద పెయింట్ అడ్డంగా గీరుకుపోయి ఉంది. వెనక డిఫరెన్షియల్ అడుగున అరచేయంత మేర పోయింది. యూ బోల్టుల మరలు మెరుస్తున్నాయి. ముందు డిఫరెన్షియల్ దాదాపు శుభ్రంగా ఉంది.

అంటే సమస్య రెండు రకాలు. క్రాస్ మెంబర్ ఛాసీకి వేలాడుతుంది కాబట్టి సస్పెన్షన్ ఎత్తితే అదీ లేస్తుంది. డిఫరెన్షియల్ మాత్రం ఇరుసులో భాగం. కమాన్ కట్ట ఎంత లేపినా, షాకిల్ ఎంత పొడుగు వేసినా అది అంగుళం కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. లిఫ్ట్ వేయించుకున్నాక "ఇంకా కింద తగులుతోందేంటి" అని వచ్చే బండ్లన్నీ ఈ తేడా దగ్గరే దెబ్బతింటాయి.

టైరు లెక్క సులువు. 205/70 ఆర్15 వ్యాసం 668 మి.మీ., 215/75 ఆర్15 వ్యాసం 703.5 మి.మీ. తేడాలో సగం, అంటే సుమారు 18 మి.మీ., డిఫరెన్షియల్ నేల నుంచి లేస్తుంది. 235/75 ఆర్15 అయితే 33 మి.మీ. దాకా వస్తుంది గానీ, మడ్‌గార్డ్ కోయాలి, గేరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. అందుకే 215/75 దగ్గర ఆగాం. ఈ సైజుతో స్పీడోమీటర్ సుమారు 5 శాతం తక్కువ చూపిస్తుంది. ముల్లు 60 మీద ఉంటే అసలు వేగం 63 అన్నమాట. ఓడోమీటర్ కూడా అంతే తక్కువ తిరుగుతుంది కాబట్టి ఆయిల్ మార్చే లెక్కలో గుర్తుంచుకోవాలి.

పొడుగు షాకిళ్ళు ఎందుకు పక్కన పెట్టాం

షాకిల్ పొడుగు ఎంత పెంచితే అందులో సగమే లిఫ్ట్ వస్తుంది. కట్టకి ఒక చివర ఛాసీకి కదలకుండా ఉంటుంది, రెండో చివరే షాకిల్‌తో దిగుతుంది, ఇరుసు మధ్యలో ఉంది కాబట్టి సగం. 100 మి.మీ. షాకిల్ ఇచ్చేది నాలుగంగుళాలు కాదు, రెండు.

అసలు నష్టం కోణాల్లో ఉంది. జిప్సీలో ముందు కట్టకి షాకిల్ ముందు చివర, బంపర్ వైపు ఉంటుంది. ఆ చివర కిందికి దిగితే కట్ట మొత్తం ముందుకి వాలుతుంది, దానితోపాటు ఇరుసు పైభాగం ముందుకి తిరుగుతుంది. కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే పిన్ను) వెనక్కి వాలిన కోణం, అంటే కాస్టర్, తగ్గుతుంది. కట్ట కళ్ళ (రెండు చివర్లా ఉండే గుండ్రటి రంధ్రాల) మధ్య దూరం 900 మి.మీ. అనుకుంటే 100 మి.మీ. దిగడానికి వాలు 6 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాక్టరీ ఇచ్చిన కాస్టరే అంత ఉండదు. అది సున్నా దాటి అవతలికి పోతుంది. అలాంటి బండి తోటలో బాగానే తిరుగుతుంది. హైవే మీద స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను మధ్యకి రాదు, బస్సు పక్కనుంచి దూసుకుపోతే బండి ఊగుతుంది, ఏ గతుకో తగిలిందంటే ముందు చక్రాలు వణకడం మొదలెడతాయి. బ్రేకు తొక్కి వేగం బాగా తగ్గించేదాకా ఆ వణుకు ఆగదు.

పైగా షాకిల్ పలకలు పొడుగయ్యేకొద్దీ పక్కకి వంగుతాయి. తెచ్చిన వాటికి రెండు పలకల మధ్య అడ్డ బోల్టు కూడా లేదు, పలక మందం 5 మి.మీ. మూల తిరుగుతున్నప్పుడు ఛాసీ ఒకవైపు, ఇరుసు ఇంకోవైపు జరుగుతాయి. దానివల్ల కళ్ళలోని రబ్బరు బుష్‌లు కోడిగుడ్డు ఆకారంలోకి అరుగుతాయి.

ఇరుసు కింద ఉన్న కట్టలని ఇరుసు పైకి మార్చే పద్ధతి ఒకటుంది. దానితో అయిదంగుళాలు వస్తుందని చాలామంది అడుగుతారు. వెల్డింగ్, స్టీరింగ్ మార్పు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకి శక్తి తెచ్చే కడ్డీ) పని అన్నీ కలిపి అది వేరే బడ్జెట్, వేరే బండి. దాని జోలికి పోలేదు.

తీసుకున్న నిర్ణయం: ఎత్తు ప్రధానంగా కమాన్ కట్టల వంపు నుంచే తేవాలి, అందులోనూ మొదటి సగం కట్టలు కోల్పోయిన ఎత్తుని తిరిగి ఇవ్వడమే. ముందు షాకిల్ 25 మి.మీ. మాత్రమే పెంచాలి. వెనక షాకిల్ ఒరిజినల్ పొడుగే ఉంచాలి.

విప్పే ముందు కొలతలు

సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద, టైర్లలో సమానంగా గాలి పెట్టి, బండి ఖాళీగా ఉంచి బంప్ స్టాప్‌కీ ఇరుసుకీ మధ్య ఖాళీ కొలిచాం. ముందు కుడి 55, ముందు ఎడమ 62, వెనక కుడి 44, వెనక ఎడమ 48 మి.మీ. మడ్‌గార్డ్ అంచు నుంచి కొలిచేవాళ్ళుంటారు. పాత బండికి టింకరింగ్ జరిగి ఉంటే ఆ కొలత అబద్ధం చెబుతుంది. బంప్ స్టాప్ ఖాళీ చెప్పదు.

డిజిటల్ యాంగిల్ గేజ్‌తో ముందు ఇరుసు మీద కట్ట కూర్చునే పీఠం వాలు, రెండు పినియన్ ఫ్లాంజుల (ప్రొపెల్లర్ షాఫ్ట్ డిఫరెన్షియల్‌కి కలిసే చోట్ల) వాలు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజుల వాలు రాసిపెట్టుకున్నాం. ఈ గేజ్ ఆరేడు వందలకి దొరుకుతుంది. కాస్టర్ అసలు విలువ అలైన్‌మెంట్ షాపులోనే తెలుస్తుంది గానీ, ఎంత మారిందో తెలుసుకోవడానికి ఇది చాలు.

ఛాసీ పరీక్ష కూడా ఇప్పుడే. ఉద్దానంలో ఉప్పుగాలి ఏడాది పొడుగునా ఉంటుంది. వెనక కట్టల హ్యాంగర్ల చుట్టూ వైర్ బ్రష్ పట్టి, చిన్న సుత్తితో కొట్టి శబ్దం విన్నాం. ఖంగుమంటే సరే. మెత్తగా పలికితే లోపల రేకు తినేసిందని అర్థం, అలాంటి ఛాసీకి ముందు రిపేరు, తర్వాతే లిఫ్ట్. ఈ బండికి ఎడమ వెనక హ్యాంగర్ పక్కన పైపై తుప్పే ఉంది, గీకి ప్రైమర్ వేశాం.

షాకిల్ పిన్నులకీ యూ బోల్టు నట్లకీ ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి. అయినా రెండు పిన్నులు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయి కదల్లేదు. గ్యాస్ మంట పెట్టలేదు. వెనక పెట్రోలు ట్యాంకు దగ్గర అది ప్రాణం మీదికి తెచ్చే పని. హ్యాక్సా బ్లేడుతో పలకకీ కంటికీ మధ్య కోసి తీశాం. కొత్తవి ఎక్కించేటప్పుడు పిన్నుకి యాంటీ సీజ్ గ్రీజు రాస్తే తర్వాత విప్పేవాళ్ళు బతికిపోతారు.

కమాన్ కట్టల పని

ఇదే అసలు పని. టెక్కలి పరిసరాల్లో గ్రానైట్ లారీల పుణ్యమా అని కమాన్ పని తెలిసిన చేతులు బాగానే ఉన్నాయి. కానీ లారీ కట్టకీ జిప్సీ కట్టకీ తేడా ఉంది. లారీ పట్టీ మందంగా ఉంటుంది, దెబ్బలు తట్టుకుంటుంది. జిప్సీ పట్టీ 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం, సుత్తి దెబ్బ ఒకేచోట రెండుసార్లు పడితే అక్కడ మడత వస్తుంది. మడత దగ్గరే తర్వాత విరుగుతుంది. అందుకే సుత్తి బదులు ప్రెస్ మీద, పట్టీ పొడుగునా 40 మి.మీ.కి ఒక నొక్కు చొప్పున, కొంచెం కొంచెంగా వంచమని చెప్పి దగ్గరుండి చేయించాం. కంటి దగ్గర 100 మి.మీ. మేర ముట్టుకోకూడదు.

గ్యాస్ కట్టర్‌తో ఎర్రగా కాల్చి వంచే పద్ధతి వద్దు. స్ప్రింగ్ స్టీలుకి గట్టిదనం వచ్చేది వేడిమి పని వల్ల. సుమారు 850 డిగ్రీలకి కాల్చి నూనెలో ముంచి, మళ్ళీ 450 ప్రాంతంలో మగ్గబెట్టాలి. కొలిమి, వేడి కొలిచే సాధనం ఉన్నచోట అది మంచి పద్ధతే. మంటతో కాల్చి గాలికి ఆరబెట్టిన పట్టీ మాత్రం మామూలు ఇనుప బద్ద అయిపోతుంది, కొద్ది నెలల్లో మళ్ళీ చదునవుతుంది. చల్లగా వంచిన పట్టీ కూడా కొంత కుంగుతుంది గానీ దాని గుణం చెడదు.

వంపు కొలిచే పద్ధతి: కట్ట విడిగా ఉన్నప్పుడు రెండు కళ్ళ మధ్యా దారం లాగి కట్టి, దారం నుంచి మెయిన్ పట్టీ మధ్యకి ఉన్న లోతు చూడాలి. ముందు కుడి 105, ముందు ఎడమ 110 మి.మీ. ఉన్నాయి. రెండూ 140కి తెచ్చాం. తర్వాత ప్రెస్ మీద కట్టని పూర్తిగా చదునయ్యేదాకా అయిదారుసార్లు నొక్కి వదిలితే 138 దగ్గర నిలబడ్డాయి. ఈ నొక్కడం వదిలేస్తే ఆ కుంగుడు రోడ్డు మీద జరుగుతుంది, కుడీ ఎడమా ఒకేలా జరగదు. ప్రతి పట్టీకీ పైదానికన్నా కాస్త ఎక్కువ వంపు ఉండాలి, అప్పుడే సెంటర్ బోల్ట్ (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే బోల్టు) బిగించినప్పుడు చివర్లు ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. మెయిన్ పట్టీ ఒక్కదానికే వంపు పెట్టి మిగతావి అలాగే ఉంచితే బరువంతా దాని మీదే పడుతుంది.

వెనక కట్టలకి వంపుతోపాటు ఒక పట్టీ అదనంగా చేర్చాం. ఇక్కడ మందం ఎంచుకోవడం ముఖ్యం. పట్టీ గట్టిదనం మందానికి ఘనంలో పెరుగుతుంది. నాలుగు పట్టీల కట్టకి అదే 6 మి.మీ. పట్టీ అయిదోది చేర్చితే గట్టిదనం సుమారు పాతిక శాతం పెరుగుతుంది. జిప్సీ ఖాళీగా వెయ్యి కిలోల లోపు బండి, ముందే గట్టిగా కుదుపుతుంది. 5 మి.మీ. పట్టీ అయితే పెరుగుదల 14, 15 శాతం దగ్గర ఆగుతుంది. నాలుగు బస్తాలు మోసేటప్పుడు ఆదుకోవడానికి అది చాలు. పొడుగు రెండో పట్టీతో సమానం తీసుకున్నాం. పొట్టి పట్టీ వేస్తే దాని కొస ఆగినచోట పై పట్టీ ఒక్కసారిగా వంగుతుంది, విరుగుడు అక్కడే. కొసలు గ్రైండర్‌తో గుండ్రంగా చేసి, పట్టీల మధ్య గ్రాఫైట్ పూత పూశాం. మామూలు గ్రీజు పూస్తే ఇసుక పట్టుకుని అరగదీసే పొడిలా మారుతుంది.

బిగింపు: వరస, జాగ్రత్తలు

ఛాసీని నాలుగు స్టాండుల మీద నిలబెట్టి, ఇరుసుని జాకీ మీద ఉంచి ఒక్కో ఇరుసు పని పూర్తి చేయాలి. రెండు ఇరుసులూ ఒకేసారి విప్పితే బండిని కదిలించే దారి ఉండదు.

ముందుగా మెయిన్ పట్టీ ఒక్కదాన్నే పెట్టి ఇరుసు బిగించి, జాకీతో ఇరుసు బంప్ స్టాప్ తాకేదాకా ఎత్తాం. పూర్తి కట్టతో ఇంత సులువుగా ఎత్తలేం. షాకబ్జర్ పై చెవికీ కింది చెవికీ దూరం 305 మి.మీ. తర్వాత పూర్తి కట్టతో ఇరుసుని వేలాడదీసి కొలిస్తే 470. కాబట్టి మూసినప్పుడు 305 కన్నా పొట్టిగా, తెరిచినప్పుడు 470 కన్నా పొడుగ్గా ఉండే షాకబ్జర్ కావాలి. స్పేర్ పార్టుల షాపులో టేపు పెట్టి కొలిచి 295, 485 ఉన్నవి తీసుకున్నాం. వెనకకీ అదే పద్ధతి. పాత షాకబ్జర్లే ఉంచితే చక్రం కిందికి దిగే దూరం లిఫ్ట్ ఎంతో అంత తగ్గుతుంది. గుంటలో చక్రం వేలాడినప్పుడు ఇరుసు బరువంతా షాకబ్జర్ మీద పడి చెవి తెగుతుంది. ఎత్తు పెరిగి, చక్రం నేలని వదిలేసే బండి లిఫ్ట్‌కి ముందుకన్నా త్వరగా ఇరుక్కుంటుంది.

ముందు షాకిళ్ళు 8 మి.మీ. పలకతో, మధ్యలో గొట్టం పెట్టి అడ్డ బోల్టుతో లేత్ షాపులో చేయించాం. అవి వేశాక గేజ్ పెట్టి చూస్తే పీఠం వాలు 1.5 డిగ్రీలు ముందుకి తిరిగింది, లెక్కకి తగ్గట్టే. దానికి విరుగుడు కట్టకీ ఇరుసు పీఠానికీ మధ్య 2 డిగ్రీల వెడ్జ్ (ఏటవాలు ముక్క). జిప్సీలో ఇరుసు కట్ట పైన కూర్చుంటుంది కాబట్టి వెడ్జ్ మందపు అంచు ముందుకి రావాలి. తిప్పి పెడితే కాస్టర్ ఇంకా పోతుంది. అల్యూమినియం వెడ్జులు చౌకగా వస్తాయి గానీ కొన్నాళ్ళకి పగిలి ముక్కలుగా రాలతాయి, యూ బోల్టులు వదులవుతాయి. లేత్ మీద ఉక్కువే చేయించాం. వెడ్జ్ మందం వల్ల సెంటర్ బోల్ట్ తల పీఠం రంధ్రంలో సరిగా కూర్చోదు. తల ఎత్తున్న సెంటర్ బోల్ట్ వేయాలి. తల కూర్చోకపోతే బ్రేకు తొక్కినప్పుడల్లా ఇరుసు మిల్లీమీటరు చొప్పున జరిగి, ఒకరోజు సెంటర్ బోల్ట్ తెగి చక్రం మడ్‌గార్డ్‌కి తగులుతుంది.

వెడ్జ్ వల్ల ముందు పినియన్ మూతి కాస్త కిందికి వాలుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. కాస్టర్‌కీ పినియన్‌కీ మధ్య ఈ లాగుడు ఎప్పుడూ ఉంటుంది. ముందు షాఫ్ట్ మీద భారం పడేది ఫోర్ వీల్ వేసినప్పుడే, కాస్టర్ రోజంతా కావాలి. అందుకే కాస్టర్ వైపు మొగ్గాం. ఇరుసుని పూర్తిగా వేలాడదీసి షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూశాం, క్రాస్ జాయింట్ ఎక్కడా పట్టుకోలేదు. షాఫ్ట్ పొడుగు సర్దుకునే పళ్ళ జోడు (స్ప్లైన్) లోపల ఇంకా 45 మి.మీ. మిగిలి ఉంది. వెనక షాకిల్ మార్చలేదు కాబట్టి వెనక పినియన్ వాలు అర డిగ్రీ కూడా కదల్లేదు. అక్కడ వెడ్జ్ అవసరం పడలేదు.

యూ బోల్టులు ఎనిమిదీ కొత్తవే. ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ అంత బిగువు పట్టదు, పైగా పట్టీ, వెడ్జ్ చేరాక పాతవి పొడుగు చాలవు. అలాగని మరీ పొడుగువి వేస్తే కింద వేలాడే మరలు రాళ్ళకి తగిలి పాడవుతాయి. నట్ దాటాక మూడు మరలు మిగిలేలా కోశాం. ఎదురెదురు మూలలు మార్చి మార్చి, నాలుగు దఫాల్లో 70 న్యూటన్ మీటర్లకి తెచ్చాం. వేరే బండికైతే దాని మాన్యువల్ విలువ చూసుకోవాలి.

కంటి బోల్టులూ షాకిల్ నట్లూ మాత్రం బండి చక్రాల మీద దిగి, రెండు మూడుసార్లు ఊపాకే ఆఖరి బిగింపు. వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలో పట్టేస్తుంది, బరువు పడగానే మెలిపడుతుంది. అలా మెలిపడిన బుష్ త్వరలోనే చిరుగుతుంది. కొత్త బుష్‌లు త్వరగా పోయాయని వచ్చే బండ్లలో మొదట అడగాల్సింది ఇదే.

స్టీరింగ్, బ్రేకులు

ఛాసీ లేచాక డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) వాలు పెరుగుతుంది, స్టీరింగ్ చక్రం పక్కకి తిరిగి నిలబడుతుంది. చక్రాన్ని స్ప్లైన్ మీంచి తీసి నిటారుగా పెట్టేయడం తప్పు. స్టీరింగ్ బాక్స్‌కి మధ్యలో ఒక బిగువు చోటు ఉంటుంది, నేరుగా పోతున్నప్పుడు బాక్స్ అక్కడే ఉండాలి. డ్రాగ్ లింక్ పొడుగు సర్ది బాక్స్‌ని మధ్యకి తెచ్చాం. టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే తేడా) 3 మి.మీ. పెట్టాం. రిజిడ్ ఇరుసు కాబట్టి అలైన్‌మెంట్ షాపులో నట్ తిప్పి సర్దగలిగేది టో ఒక్కటే.

బ్రేకు గొట్టాలు ఇరుసు పూర్తిగా వేలాడుతుండగా, స్టీరింగ్ రెండు కొసలకీ తిప్పి చూడాలి. నేల మీద నిలబడ్డప్పుడు వదులుగా కనిపించేది గాల్లో తీగలా బిగుస్తుంది. ముందు బ్రాకెట్లు 25 మి.మీ. దించితే సరిపోయింది. వెనక మధ్య గొట్టం చాలలేదు, పొడుగుది వేసి డాట్ 3 ఫ్లూయిడ్‌తో గాలి తీశాం. వెనక ఇరుసు బ్రీదర్ గొట్టం (హౌసింగ్ గాలి పీల్చే దారి) కూడా లాగుతోంది. దాన్ని పొడిగించి పైకి కట్టాం. పిల్లకాలవలు దాటేటప్పుడు వేడెక్కిన హౌసింగ్ చల్లబడి నీళ్ళు పీల్చుకునేది ఆ దారిలోనే.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది. వెనక బ్రేకు పీడనం బరువుని బట్టి మార్చే వాల్వ్, ఎల్‌ఎస్‌పీవీ, ఇరుసుకి ఒక స్ప్రింగుతో కట్టి ఉంటుంది. లిఫ్ట్ తర్వాత ఛాసీకీ ఇరుసుకీ దూరం పెరగడంతో బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందని అది అనుకుంటుంది, వెనక బ్రేకులకి పీడనం తగ్గిస్తుంది. బస్తాలతో దిగుడులో ఆపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది తేడా. ఇరుసు వైపు బ్రాకెట్‌ని 50 మి.మీ. ఎత్తు చేసి స్ప్రింగుని పాత కోణానికి తెచ్చాం.

ఎంత లేచింది, ఎంత ఖర్చయింది

బంప్ స్టాప్ ఖాళీ: ముందు కుడి 100, ఎడమ 102, వెనక కుడి 95, ఎడమ 98 మి.మీ. ముందు సగటున 42, వెనక 50 లేచింది. టైరుతో కలిపి క్రాస్ మెంబర్ నేల నుంచి అటూ ఇటూగా 65 మి.మీ. పైకి పోయింది, డిఫరెన్షియల్ 18 మి.మీ. పెద్ద టైరు మడ్‌గార్డ్ లోపలికి తగలకుండా బంప్ స్టాపుల కింద 20 మి.మీ. దిమ్మలు పెట్టాం. అంటే పై కొలతల్లో నుంచి 20 పోతుంది. అది లిఫ్ట్ పోవడం కాదు, చక్రం పైకి వెళ్ళే దూరం తగ్గడం.

టైర్లు కాక మొత్తం 24,200 రూపాయలు. అందులో బండిని లేపిన భాగాలకి, అంటే నాలుగు కట్టల వంపుకి 3,600, రెండు పట్టీలకి 1,400, ముందు షాకిళ్ళకి 1,400, కలిపి 6,400. మిగతా 17,800 ఆ ఎత్తుని నడిపేలా చేయడానికి: షాకబ్జర్లు 7,200, మజూరీ 5,000, యూ బోల్టులు 1,600, బుష్‌లు 1,500, తక్కినవి వెడ్జులు, గొట్టం, దిమ్మలు, అలైన్‌మెంట్. ఎవరైనా ఆరేడు వేలలో లిఫ్ట్ చేసేస్తామంటే వాళ్ళు చెబుతున్నది ఈ మొదటి లెక్కే.

ఒరిగే ప్రమాదం సంగతి రైతుకి కాగితం మీద వేసి చూపించాం. జిప్సీ చక్రాల మధ్య వెడల్పు సుమారు 1300 మి.మీ. బరువు కేంద్రం 650 ఎత్తున ఉందనుకుంటే వెడల్పులో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 1.0 వస్తుంది. ఎత్తు 715 అయితే 0.91. వంపు దారిలో తొమ్మిది శాతం నష్టం అది. టాప్ మీద క్యారియర్ పెట్టి బస్తాలు వేయడం ఇక కుదరదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకి భిన్నంగా, ఆర్‌సీలో ఉన్నది మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే చెప్పింది. కుంగిన కట్టలు యథాస్థితికి తేవడం మరమ్మతు. దానికి పైన పెంచే ప్రతి అంగుళానికీ రవాణా శాఖ దగ్గరా, బీమా కంపెనీ దగ్గరా అడిగి తెలుసుకోకుండా ముందుకి పోవద్దని లిఫ్ట్ అడిగిన అందరికీ చెబుతున్నాం.

రోడ్డు మీద

మొదటి పరుగు ఎన్‌హెచ్-16 సర్వీసు రోడ్డు మీద, 40 దాటకుండా. తర్వాత 80. స్టీరింగ్ తిరిగి మధ్యకి వస్తోంది, వణుకు లేదు. ఖాళీ బండి చిన్న గతుకుల్లో ముందుకన్నా కొంచెం ఎక్కువ కుదుపుతోంది, బస్తాలు పడ్డాక మెత్తబడుతోంది. ఫోర్ వీల్ వేసి ఒక ముందు చక్రాన్ని 400 మి.మీ. దిమ్మ ఎక్కించి చూస్తే అదే వైపు వెనక చక్రం నేల మీదే ఉంది. టైరు లోపలి అంచుకీ కట్టకీ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు అది ఇంకా తగ్గింది కాబట్టి చక్రం తిరుగుడుకి హద్దు పెట్టే, నకిల్ (ముందు చక్రాన్ని పట్టి తిప్పే భాగం) మీది స్టాప్ బోల్టు రెండు మరలు బయటికి తీశాం.

100 కిలోమీటర్లకి యూ బోల్టు నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూస్తే ఎనిమిది బోల్టుల్లో అయిదింటి నట్లు పావు మర దాకా తిరిగాయి. ఇది లోపం కాదు, పట్టీల మధ్య పూతా పెయింటూ నలిగి సర్దుకోవడం. చూడకుండా వదిలేస్తే మాత్రం సెంటర్ బోల్ట్ ప్రాణం మీదికొస్తుంది. 500కి మళ్ళీ చూస్తే ఒక్కటీ కదల్లేదు. అప్పటికి కట్టలు ముందు 5, వెనక 7 మి.మీ. కుంగాయి, కుడి ఎడమల తేడా 3 మి.మీ. లోపే ఉంది. వెనక టైర్లలో గాలి ఖాళీ బండికి 24 పీఎస్ఐ, బస్తాలతో 30. తోట ఇసుకలో దిగేటప్పుడు 16కి దించి, హైవే ఎక్కేముందు మళ్ళీ నింపాలని డాష్‌బోర్డు మీద రాసి అంటించాం. క్రాస్ మెంబర్‌కి పూసిన కొత్త పెయింట్ అదే టిప్పర్ బాటలో తిరిగొచ్చాక చెక్కుచెదరలేదు. వెనక డిఫరెన్షియల్ అడుగున రూపాయి బిళ్ళంత మేర మాత్రం గీరుకుంది. ఆ ఒక్క చోట 5 మి.మీ. పలకతో కవచం చేయించడం తర్వాతి పని.